ఆరుగురు కలిసి డిస్నీ వరల్డ్ వెళ్తే బస లోపలా, బయటా?

మీ ప్రశ్న ఇది: జూన్‌లో మీ అత్తమామలు ఇండియా నుంచి వస్తున్నారు, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాపతో కలిపి మొత్తం ఆరుగురు. ఆర్లాండోలో డిస్నీ వాళ్ల హోటల్లో దిగాలా, పక్కనున్న కిసిమీ ఊరి వైపు వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవాలా? అద్దెలు పోల్చే ముందు ఒక్కటి ఆలోచించండి. మధ్యాహ్నం రెండింటికి మీలో ఎవరు ఎక్కడ ఉంటారు?

జూన్‌లో ఫ్లోరిడా ఉక్కపోత విజయవాడ వాళ్లకు కొత్త కాదు గానీ, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన తరచూ పడుతుంది. ఆరుబయట ఉండే రైడ్లు ఆపేస్తారు. ఆ వేళకు పాప నిద్రకు ఏడుస్తుంది, పెద్దవాళ్ల కాళ్లు లాగుతాయి, బాబేమో కదలనంటాడు. బయట దిగి ఒకే కారులో వస్తే అందరూ ఒకేసారి వెళ్లిపోవాలి, లేదా ఒకరు వాళ్లను దించి మళ్లీ రావాలి. డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఇది మరీ కష్టం. కారు పార్కింగ్ గేటు దగ్గర ఉండదు. గేటు నుంచి మోనోరైలో, ఫెర్రీయో ఎక్కి సరస్సు అవతలికి రావాలి, ఆ తర్వాత కారు దాకా ట్రామ్ లేదా నడక. డిస్నీ హోటళ్ల బస్సులు మాత్రం గేటుకు నడక దూరంలోనే ఆగుతాయి.

మేము రెండు రకాలుగానూ ఉన్నాం. మా మామగారు అమెరికాలో ఒంటరిగా బస్సు ఎక్కిన మనిషి కాదు. అయినా హోటల్ పేరున్న బోర్డు కింద వరుసలో నిలబడి, నిద్రపోతున్న మనవణ్ణి భుజాన వేసుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని గదికి వెళ్లిపోయేవారు. మేము పెద్దవాడితో రాత్రి బాణసంచా దాకా ఉండిపోయేవాళ్లం. లోపలి బసకు పెట్టే డబ్బు ఈ వెసులుబాటు కోసమే అని నా లెక్క. అరగంట ముందే పార్కులోకి వదులుతారన్న సదుపాయం గురించి అందరూ గొప్పగా చెబుతారు. కానీ ఇద్దరు పెద్దవాళ్లకు కాఫీ, టిఫిన్లు అయ్యి, పాప తయారయ్యేసరికి ఆ అరగంట ఎలాగూ పోతుంది. పైగా డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపింగ్ ప్రాంతం దగ్గర ఉన్న కొన్ని ఇతర హోటళ్ల వాళ్లకూ అది ఇస్తున్నారు. దానికంటే లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి పొట్టి వరుసలో వెళ్లే పాస్) విషయం ముఖ్యం: డిస్నీ హోటల్లో దిగినవాళ్లు 7 రోజుల ముందే కొనుక్కోవచ్చు, బయటివాళ్లు 3 రోజుల ముందు. బాబుకు సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్ అనే రోలర్ కోస్టర్ కావాలంటే అది పనికొస్తుంది. దానికి కనీసం 38 అంగుళాల ఎత్తు ఉండాలి; పాప అంత ఉందో లేదో ఇంట్లోనే కొలిచి చూసుకోండి, అక్కడ గేటు దగ్గర ఏడుపు ఎందుకు!

ఇక ఖర్చు. డిస్నీ చవక హోటళ్లలో మామూలు గదికి నలుగురే. మీకు రెండు గదులు, లేదా ఆ హోటళ్లలో ఒకటైన ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఆరుగురికి సరిపోయే ఫ్యామిలీ సూట్ కావాలి. చాలాసార్లు రెండు గదులే చవక పడతాయి, ధరలు రెండూ చూడండి. సూట్‌లో మైక్రోవేవ్, సింక్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి, పొయ్యి ఉండదు. బయటి ఇల్లు మొదట చవకగానే కనిపిస్తుంది. దాని మీద శుభ్రం చేసే రుసుము, పన్నులు, కారు అద్దె, పార్కులో రోజుకు 30 డాలర్లో ఆపైనో పార్కింగ్ కలిపి చూడండి. డిస్నీ హోటల్లో దిగితే ఈ పార్కింగ్ రుసుము ఉండదు. ఒక్క మాట: విమానాశ్రయం నుంచి డిస్నీ వాళ్ల ఉచిత బస్సు ఉంటుందని ఎప్పుడో వెళ్లొచ్చిన బంధువులెవరైనా చెబితే నమ్మకండి, అది 2022 ఆరంభంలోనే ఆగిపోయింది.

తిండి దగ్గర మాత్రం అద్దె ఇంటిదే పైచేయి. అన్నం, పప్పు, పెరుగు లేనిదే పూట గడవని పెద్దవాళ్లకు రోజూ ఫ్రెంచ్ ఫ్రైస్ పెట్టలేం. (ఆ ఇళ్లలో తాలింపు వేసే ముందు కిటికీ తెరవండి, లేకపోతే స్మోక్ అలారం వీధంతా వినిపిస్తుంది.) పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు తప్ప. పులిహోర డబ్బాలో పట్టుకెళ్లండి, ఎవరూ ఏమీ అనరు. హోటల్లో ఉన్నప్పుడు ఒక పూట డిస్నీ వాళ్లదే మరో హోటలైన యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా అనే రెస్టారెంటుకు వెళ్లండి. నాన్, చట్నీలు దొరుకుతాయి, పార్కు టికెట్ అక్కర్లేదు.

మీ చోట నేనుంటే బస రెండుగా విడగొడతాను. మొదట కిసిమీ ఇల్లు. పెద్దవాళ్లకు ప్రయాణ బడలిక తీరే రోజులు, కెన్నెడీ స్పేస్ సెంటర్, యూనివర్సల్ పార్కు అక్కడి నుంచే కానివ్వండి. తర్వాత సామాను సర్దుకుని డిస్నీ చవక హోటళ్లయిన పాప్ సెంచరీకో, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌కో మారండి. అక్కడి నుంచి స్కైలైనర్ అనే తీగ మార్గం (కేబుల్ కారు) డిస్నీ పార్కులైన ఎప్‌కాట్‌కు, హాలీవుడ్ స్టూడియోస్‌కు వెళ్తుంది. స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) మడవకుండానే ఎక్కించవచ్చు. బస్సులో అయితే మడవాలి. పిడుగుల వేళ మాత్రం స్కైలైనర్ ఆపేస్తారు, అప్పుడు బస్సే గతి. డిస్నీకి ఒక్క రోజే కేటాయిస్తే ఇదంతా అనవసరం, కిసిమీ ఇంట్లోనే ఉండిపోండి.

రెండు గదులు తీసుకుంటే మధ్యలో తలుపు ఉన్నవి కావాలని బుక్ చేసేటప్పుడే రాయించండి. పాప్ సెంచరీ చాలా పెద్దది, బస్టాపుకు దగ్గర్లో గది ఇమ్మని కూడా అడగండి. హామీ ఇవ్వరు గానీ, అడిగితే వీలైనంత వరకు చూస్తారు.