ఎగరని ఇంజన్‌కే ముప్పు ఎక్కువ

చిరంజీవికి ఆశీస్సులు.

కొన్న విమానంలో లైకమింగ్ ఓ-360 ఇంజన్ ఉందని, ఓవర్‌హాలుకు, అంటే ఇంజన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడానికి, ఇంకా సగం గంటలు మిగిలే ఉన్నాయని సంతోషంగా రాశావు. తయారీదారు చెప్పే 2000 గంటల పక్కనే 12 ఏళ్ల గడువు కూడా ఉంటుంది. సొంతదారులు మరిచిపోయేది దానినే. సొంత విమానాల ఇంజన్లు ఎగిరి అరిగిపోవడం కంటే ఎగరక తుప్పు పట్టి చెడిపోవడమే ఎక్కువని నా అభిప్రాయం.

ఈ ఇంజన్‌లో వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. వారాల తరబడి కదలకుండా ఉంటే దాని మీది ఆయిల్ పొర కిందికి జారిపోతుంది, లోపలి తేమ ఉక్కును పట్టుకుంటుంది. కామ్ మీద ఆనుకుని దాని కదలికను వాల్వుకు అందించే భాగం ట్యాపెట్; తుప్పు గుంటలు పడిన దాని ముఖం ఆ తరువాత పెచ్చులూడి కామ్‌ను అరగదీస్తుంది. హ్యాంగర్ ముందే పది నిమిషాలు నడిపి ఆపితే చాలదా అని అడిగావు. అది ఇంకా చేటు. ఇంధనం మండగా పుట్టిన నీటి ఆవిరి కొంత క్రాంక్‌షాఫ్ట్ ఉండే పెట్టె అయిన క్రాంక్‌కేసులోకి చేరుతుంది, ఆయిల్ బాగా వేడెక్కితే తప్ప అది బయటికి పోదు. ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దాటి సుమారు గంటసేపు ఆ వేడిలో ఉండాలంటే ఎగరవలసిందే. నెలల పాటు ఎగరడం కుదరదని ముందే తెలిస్తే, తుప్పు పట్టకుండా కాపాడే ప్రిజర్వేటివ్ ఆయిల్ పోయించి, పై స్పార్క్ ప్లగ్గుల స్థానంలో తేమను పీల్చే ప్లగ్గులు బిగించు.

ఆయిల్‌ను 50 గంటలకో నాలుగు నెలలకో, ఏది ముందైతే అప్పుడు, ఫిల్టరుతో సహా మార్చు. పాత ఫిల్టరును కోయించి మడతల్లో లోహపు రజను ఉందేమో నీ కళ్లతో చూడు.

సిలిండర్ హెడ్‌కు 260 డిగ్రీల వరకు అనుమతి ఉన్నా, అల్యూమినియం వేడికి బలం కోల్పోతుంది కనుక నేనైతే 205 దాటనివ్వను. విమానం పైకి లేస్తున్నప్పుడు ఆ వేడి పెరుగుతుంటే, ఇంజన్‌కు గాలి ఎక్కువ తగిలేలా ముక్కు కొంచెం దించి వేగం పెంచు.

సిలిండర్ గాలిని ఎంత బాగా పట్టి ఉంచుతుందో చూసే కంప్రెషన్ పరీక్షలో ఒక సిలిండర్ తక్కువ చూపగానే దానిని ఊడదీయమనే మెకానిక్‌కు వెంటనే తల ఊపకు. సిలిండర్ తీయాలంటే క్రాంక్‌కేసును బిగించి ఉంచే పొడవాటి త్రూ-బోల్టుల నట్లను వదులు చేయాలి, తిరిగి బిగించడంలో లోపం జరిగితే క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులకే ప్రమాదం. ఒకసారి ఎగిరి వచ్చి, వేడి మీద మళ్లీ పరీక్ష చేయించు, సిలిండర్ లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరా అయిన బోరోస్కోపుతో, కాలిన వాయువులను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వును చూపించమను. వాల్వు ముఖం మీది రంగు ఒక పక్కకే జరిగి, అంచు మాడినట్లు కనిపిస్తే అప్పుడు తీయించు.