ఫైన్ కట్టేశాడు కదా, ఇంకా ఆ కేసు గురించి రాయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, దుబాయ్‌లో ఏడాదిన్నర పనిచేసి వచ్చాడు. ఇప్పుడు యూకేలో ఒక హాస్పిటల్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) అడుగుతున్నారు. వాడి మీద 2018లో కాలేజీ దగ్గర కొట్లాట కేసు ఒకటి ఉండేది, లోక్ అదాలత్‌లో రాజీ అయింది. 2021లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే కోర్టులో ఫైన్ కట్టాడు. 'ఫారంలో ఇవేం రాయకుండ్రి, ఇక్కడి ముచ్చట ఆడ ఎవలకు తెలుస్తది? పీసీసీ క్లీన్‌గా నేను తెప్పిస్తా, పదిహేను వేలు ఇయ్యుండ్రి' అంటున్నాడు ఏజెంటు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పదిహేను వేలు జేబులోనే ఉంచుకోండి. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో పీసీసీకి ఫీజు 500 రూపాయలు. 2022 సెప్టెంబర్ చివరి నుంచి పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో కూడా పీసీసీ స్లాట్లు ఇస్తున్నారు. కాబట్టి ఈ పనికి హైదరాబాద్ వెళ్లాల్సిన అవసరం లేదు, వరంగల్‌లోనే అయిపోతుంది. మీ అబ్బాయి పాస్‌పోర్టులో 'వరంగల్ అర్బన్' అని, ఆధార్‌లో 'హనుమకొండ' అని ఉంటే టెన్షన్ పడకండి. 2021లో జిల్లా పేరే మారింది. ఇప్పుడు ఉంటున్న అడ్రస్ రాసి, రుజువుగా రెండూ వెంట తీసుకెళ్లమనండి.

ఇక అసలు సంగతి. ఈ రెండు కేసులనూ మీరు ఒకే గాటన కట్టారు. చాలామంది తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి ఇలాగే 'రెండూ అయిపోయినయ్ సార్' అంటారు. అయిపోవడంలో తేడా ఉంది.

కొట్లాట కేసు రాజీ అయింది. చట్టం రాజీకి ఒప్పుకునే సెక్షన్లలో రాజీ నమోదైతే, అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. అంటే అక్కడ శిక్ష లేదు. డ్రంక్ అండ్ డ్రైవ్ అలా కాదు. జడ్జిగారు 'ఒప్పుకుంటున్నావా?' అని అడిగితే తొందరగా బయటపడదామని 'ఒప్పుకుంటున్నా సార్' అంటారు. ఫైన్ కట్టి రసీదు జేబులో పెట్టుకుని వచ్చేస్తారు. చలానా కట్టినంత తేలిగ్గా అనిపిస్తుంది గానీ, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద నేరం రుజువై శిక్ష పడినట్టే. మొదటిసారికి ఆ సెక్షన్‌లో పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. మీవాడికి ఫైన్‌తో పోయింది. అయినా 'ఎప్పుడైనా శిక్ష పడిందా?' అని అడిగితే నిజమైన జవాబు 'అవును' అనే.

కాబట్టి మొదట అదాలత్ సెంటర్ దగ్గరి కోర్టులకు వెళ్లి, ఆ రెండు కేసుల కాగితాలూ తీయించండి. కొట్లాట కేసుకు లోక్ అదాలత్ అవార్డు, అంటే రాజీని నమోదు చేసిన ఉత్తర్వు, దాని కాపీ కావాలి. డ్రంక్ అండ్ డ్రైవ్‌కు తీర్పు సర్టిఫైడ్ కాపీ, దానితోపాటు ఫైన్ రసీదు. కాపీ అప్లికేషన్‌లో కేసు నంబరు రాయాలి. ఇలాంటి చిన్న కేసులకు మామూలుగా ఎస్‌టీసీ (సమ్మరీ ట్రయల్ కేసు) నంబరు ఉంటుంది. గుర్తులేకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పార్టీ పేరుతో, 2021 సంవత్సరంతో వెతకండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, స్పెల్లింగ్ మార్చి ఇంకోసారి చూడండి. మన పేర్లను స్టేషన్‌లో ఒక రకంగా, కోర్టులో ఇంకో రకంగా ఎక్కిస్తారు. యాప్‌లో కనిపించలేదంటే కేసు లేదని కాదు. అప్పుడు కేసు పట్టిన ట్రాఫిక్ స్టేషన్‌లో తేదీ చెప్పి అడగండి.

కాపీ చేతికొచ్చాక ఒక్క లైను జాగ్రత్తగా చదవండి. ఫైన్ ఒక్కటే రాశారా, లేక దానితోపాటు కోర్టు లేచేవరకు జైలు అని గానీ, ఒకరోజు జైలు అని గానీ ఉందా? ఆరోజు సాయంత్రం దాకా కోర్టు హాల్లో బెంచీ మీద కూర్చోబెట్టి పంపినా, కాగితం మీద అది జైలుశిక్షే. మీ అబ్బాయికి ఇది గుర్తుండకపోవచ్చు, తీర్పులో మాత్రం ఉంటుంది.

ఇప్పుడు పీసీసీ. 'ఈ వ్యక్తికి ఫలానా దేశపు వీసాతో సహా ప్రయాణ సదుపాయాలు ఇవ్వకూడదనేంత ప్రతికూల సమాచారం మా దగ్గర లేదు' అన్న అర్థంలో ఉండే చిన్న కాగితం అది. మనిషి జీవితంలోని కేసులన్నీ వరసగా ఉండే జాబితా కాదు. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే దానికి అడ్డం పడుతుంది, అప్పుడు కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వస్తుంది. మీ అబ్బాయివి రెండూ ముగిసినవే, కాబట్టి పీసీసీ వచ్చే అవకాశమే ఎక్కువ. ఏజెంటు తెప్పిస్తానన్న 'క్లీన్' కాగితం అదే, మీవాడికి మామూలుగానే వస్తుంది. కానీ అది వచ్చినంత మాత్రాన వీసా ఫారంలో 'శిక్ష పడలేదు' అని టిక్ పెట్టే హక్కు రాదు. అది వేరే ప్రశ్న, దానికి జవాబుదారీ మీ అబ్బాయే. ఇంకోమాట, పీసీసీ మీద దేశం పేరు ఉంటుంది. పాతది ఇంకో దేశానికి తీసుకున్నది ఉంటే ఇక్కడ పనికిరాదు.

యూకే విషయానికొస్తే, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఆరోగ్యం, విద్య, సోషల్ కేర్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు గత పదేళ్లలో, పద్దెనిమిదేళ్లు నిండాక, మొత్తం పన్నెండు నెలలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ సర్టిఫికెట్ తేవాలి. మీవాడు దుబాయ్‌లో ఏడాదిన్నర ఉన్నాడు కదా, అక్కడిదీ కావాలి. దాన్ని అక్కడ గుడ్ కాండక్ట్ సర్టిఫికెట్ అంటారు. అక్కడ ఉన్నప్పుడే తీసుకుని ఉంటే ఫోన్‌లోనే అయ్యేది. తిరిగొచ్చాక వేలిముద్రల కార్డు, దాని మీద అటెస్టేషన్ అంటూ పని పెరుగుతుంది. ఎక్కువ ఆలస్యం ఇక్కడే జరుగుతుంది, కాబట్టి పీసీసీ కంటే ముందు ఇది మొదలుపెట్టండి.

'ఆడ ఎవలకు తెలుస్తది' అన్న మాటలో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదం. యూకేలో ఉద్యోగంలో చేరేటప్పుడు చేసే డీబీఎస్ చెక్, అంటే నేర చరిత్ర తనిఖీ, వాళ్ల దేశపు రికార్డులనే చూస్తుంది, మన కోర్టుల్లోకి తొంగి చూడదు. అందుకే అభ్యర్థినే స్వయంగా చెప్పమంటారు, ఉండొచ్చిన దేశాల సర్టిఫికెట్లు అడుగుతారు. అక్కడ పాత చిన్న శిక్షలు కొంతకాలానికి చెప్పనక్కర్లేకుండా పోయే చట్టం 1974 నుంచీ ఉంది. మామూలు ఉద్యోగాలకు అది వర్తిస్తుంది. నర్సింగ్ లాంటి వృత్తులకు మినహాయింపు పెట్టారు, వాళ్లను పాతవీ అడగొచ్చు. అక్కడ నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ (నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్) కూడా ప్రవర్తన గురించి డిక్లరేషన్ తీసుకుంటుంది.

చెబితే ఏమవుతుంది? పన్నెండు నెలలు, ఆపైన జైలుశిక్ష పడినవాళ్లకు యూకే వీసా నిరాకరించి తీరాలి. అంతకంటే తక్కువ జైలుకు, జరిమానాలకు అధికారి విచక్షణ ఉంటుంది. ఒక్కసారి పడిన ఫైన్, ఆ తర్వాత ఏమీ లేదు, కాగితాలన్నీ జత చేశారు అంటే ఉద్యోగం పోయేంత విషయంగా నేను చూడను. దాచి దొరికితే మాత్రం అది మోసం కింద లెక్క. వీసా పోవడమే కాదు, పదేళ్లపాటు ఆ దేశం దరఖాస్తులన్నీ దెబ్బతింటాయి.

ఫారంలో వివరణ రాసే చోట ఐదారు లైన్లు చాలు. తేదీ, సెక్షన్, కోర్టు పేరు, ఎంత ఫైన్, ఎప్పుడు కట్టాడు, ఆ తర్వాత మరే కేసూ లేదు. స్నేహితులు బలవంతం చేశారని, ఆరోజు పెళ్లి బరాత్ ఉందని రాయనివ్వకండి. కొట్లాట కేసు గురించి ప్రశ్న ఎలా ఉందో చూసి రాయాలి. 'శిక్ష పడిందా' అంటే లేదు. 'అరెస్టయ్యారా, కేసు నమోదైందా' అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాసి, అవార్డు కాపీ పెట్టాలి. అమెరికా వీసా ఫారంలో అరెస్టు గురించి కూడా అడుగుతారు, అందుకే ఈ తేడా గుర్తుపెట్టుకోమంటున్నా.

మీ చుట్టాల్లో జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఉంటే వాళ్ల లెక్క వేరు. సౌదీ 2022లో మనవాళ్లకు పీసీసీ తప్పనిసరి చేసి, అదే ఏడాది నవంబరులో తీసేసింది. ఏ దేశం ఎప్పుడు ఏం అడుగుతుందో ఆ ఎంబసీ చెప్పేదే ఖాయం, ఏజెంటు వాట్సాప్ మెసేజ్ కాదు.

ఆ ఏజెంటు గురించి కూడా ఒకమాట. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవాళ్లకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. పైగా హెల్త్‌కేర్ నియామకాలకు యూకే ప్రభుత్వం పెట్టిన నియమావళి ప్రకారం అభ్యర్థి దగ్గర నియామకం ఫీజు తీసుకోకూడదు. వీసా ఫారం లాగిన్, పాస్‌వర్డ్ అతని దగ్గర ఉంటే ఈరోజే మార్పించండి. కోర్టు కాపీలు రాకముందే ఎవరూ సబ్మిట్ నొక్కకూడదు. ఫారం మీ అబ్బాయే నింపాలి, పక్కన మీరు కూర్చుని ప్రతి ప్రశ్నా చదివించుకుని వినండి.