కాన్స్ట్ స్ట్రక్ట్‌లోని కౌంటర్ చదివితే వార్నింగ్: సమాధానం
కాన్స్ట్ (మార్చకూడదని గుర్తు పెట్టిన) స్ట్రక్ట్‌లోని కౌంటర్‌ని కౌంటర్_రీడ్ ఫంక్షన్‌తో చదివితే జీసీసీ (సీ కంపైలర్) వార్నింగ్ ఎందుకిస్తోందని అడిగారు. తప్పు మీరు ఆ ఫంక్షన్‌ని పిలిచే చోట లేదు, దాని పారామీటర్‌లో ఉంది. అక్కడ మామూలు పాయింటర్ రాశారు, మీరేమో కాన్స్ట్ స్ట్రక్ట్‌లోని కౌంటర్ అడ్రస్ పంపుతున్నారు, అందుకే జీసీసీ కాన్స్ట్ పోతోందని గోల చేస్తోంది. దయచేసి క్యాస్ట్ (టైప్‌ని బలవంతంగా మార్చడం) పెట్టి దాని నోరు నొక్కకండి.

1. హెడర్‌లోనూ డెఫినిషన్‌లోనూ స్టార్‌కి ముందు కాన్స్ట్ పెట్టండి. స్టార్ తర్వాత పెడితే పాయింటర్ మాత్రమే కాన్స్ట్ అవుతుంది, వార్నింగ్ పోదు.

2. చాలామంది వదిలేసేది ఇదే. కౌంటర్‌ని చదివే మీ మాక్రోలో టైపాఫ్‌తో (పాయింటర్ చూపే టైప్‌నే వాడుకుని) తీసుకున్న తాత్కాలిక వేరియబుల్ కూడా ఇప్పుడు కాన్స్ట్ అయిపోతుంది, అటామిక్ లోడ్ (విలువని మధ్యలో తెగకుండా ఒకేసారి చదివేది) అందులో విలువ రాయడానికి వీల్లేదు కాబట్టి ఈసారి ఏకంగా ఎర్రరే వస్తుంది, ఇక్కడే విసుగొచ్చి మళ్లీ కాన్స్ట్ తీసేస్తారు. తీయకండి. చివర అండర్‌స్కోర్ ఎన్ ఉన్న అటామిక్ లోడ్ బిల్టిన్ (కంపైలర్‌లోనే ఉండే ఫంక్షన్) వాడండి, అది విలువని నేరుగా రిటర్న్ చేస్తుంది, ఆ వేరియబుల్‌తో పనే ఉండదు.

3. బిల్టిన్ బదులు సీ భాష స్టాండర్డ్ అటామిక్_లోడ్ వాడితే, దాని పారామీటర్‌కి సీ11 ప్రమాణంలో కాన్స్ట్ లేదు, సీ17లో చేర్చారు. పాత క్లాంగ్ (ఇంకో సీ కంపైలర్) ఒప్పుకోకపోతే కొత్త వెర్షన్ వేసుకోండి.

ఒక్క జాగ్రత్త: 32 బిట్ ఎక్స్86 (ఇంటెల్ తరహా) ప్రాసెసర్ మీద 64 బిట్ విలువని కొన్నిచోట్ల కంపేర్ ఎక్స్చేంజ్ (పోల్చి మార్చే) సూచనతో చదువుతారు, అది మెమరీలో రాస్తుంది కూడా. నిజంగా రీడ్ ఓన్లీ పేజీలో ఉన్న ఆబ్జెక్ట్ అయితే క్రాష్ అవుతుంది.