ఇనుము లేని పూసలు కూడా చెయ్యమ్మా

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అమలాపురంలో అందరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను.

నువ్వు పంపిన ప్రాజెక్టు కాగితాలు చదివాను. సోడియం ఆల్జినేట్ అనే సముద్రపు నాచు జిగురులో మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే నల్లటి ఇనుప ఆక్సైడ్) కలిపి పూసలు చేస్తానన్నావు, వాటితో నీళ్లలోంచి మిథిలీన్ బ్లూ రంగు తీస్తానన్నావు. చివర్లో ఇది రొయ్యల చెరువుల నీటికి పనికొస్తుందని రాశావు. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. మూడోది ఊరికే రాయకూడదు. తయారీకి పేజీలకు పేజీలు ఇచ్చి, పరీక్షలకు అరపేజీతో సరిపెట్టావు. నేనైతే తిరగేసి రాస్తాను.

ముందు తయారీ. ఫెర్రిక్, ఫెర్రస్ అనే రెండు రకాల ఇనుప లవణాలు 2:1 మోల్ నిష్పత్తిలో ఉండాలని నీకు తెలుసు. 2.70 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్‌కి 1.39 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్. అంతా కుదిరితే 1.16 గ్రాముల మాగ్నటైట్ వస్తుంది, అంతకు మించి రాదు. చిక్కల్లా తూకంలోనే. మన కోనసీమ వానాకాలంలో ఫెర్రిక్ క్లోరైడ్ సీసా మూత తీస్తే చాలు, గాలిలోని తేమ లాక్కుని జిగటైపోతుంది. అలాంటి ముద్దను తూస్తే నువ్వు నీటిని కూడా తూస్తున్నట్టే. కొత్త సీసా అడుగు, గబగబా తూచి మూత బిగించు. ఫెర్రస్ సల్ఫేట్ లేత ఆకుపచ్చగా ఉండాలి. పైన పసుపు, గోధుమ రంగు పొర కట్టి ఉంటే అందులో కొంత ఫెర్రిక్‌గా మారిపోయింది, నీ నిష్పత్తి పోయినట్టే. నీళ్లలో నైట్రోజన్ పంపించి ఆక్సిజన్ తరిమేశాకే లవణాలు కలుపు. అమ్మోనియా ఫ్యూమ్ హుడ్ (ఘాటు ఆవిర్లు లాగేసే అర) లోపలే పోయాలి. పీహెచ్ 10 దాటాలి. అవక్షేపం కాటుక నలుపులో ఉండాలి. గోధుమ రంగు తిరిగితే దాన్ని పారేసి మళ్లీ మొదలుపెట్టు, సర్దుకుపోవద్దు.

కడగడం దగ్గర బద్ధకించకు. బీకరు అడుగున అయస్కాంతం పెట్టి, పైన తేరిన నీళ్లు వంపేస్తూ, పీహెచ్ 7కి వచ్చేదాకా కడుగు. చర్య జరగని ఫెర్రిక్ అయాన్లు మిగిలితే ఆల్జినేట్ అక్కడికక్కడే గడ్డలు కడుతుంది. కడిగిన నలుపును ఎండబెట్టొద్దు, తడి ముద్దగానే కలుపు. ఒకసారి ఎండితే రేణువులు అతుక్కుపోయి మళ్లీ విడవు. ఎంత నలుపు వేస్తున్నావో తెలియాలంటే ముద్దలో కొంచెం విడిగా తీసి ఎండబెట్టి తూచు. ఇంకొకటి, మాగ్నెటిక్ స్టిరర్ వాడావో, సగం నలుపు ఆ బార్‌కే అంటుకుంటుంది. పైనుంచి తిప్పే మోటారు స్టిరర్ వాడు. అది దొరక్కపోతే గాజు కడ్డీ, ఓపిక.

ఆల్జినేట్ 2 శాతం ద్రావణం డిస్టిల్డ్ వాటర్‌లోనే చెయ్యి. మన బోరు నీళ్లలో కాల్షియం ఉంటుంది, పొడి సరిగ్గా కరగదు. సిరంజిలోంచి కాల్షియం క్లోరైడ్‌లోకి చుక్కలు వదిలితే నల్లటి సగ్గుబియ్యంలా గుండ్రంగా రావాలి. తోకలు వస్తే సూది ఎత్తు మార్చు. పూసలు తేలుతుంటే లోపల గాలి బుడగలున్నాయని. రాత్రంతా అందులోనే ఉంచి, మర్నాడు బాగా కడుగు.

ఇక అసలు సంగతి. అదే సిరంజితో, అదే రోజు, ఇనుము వేయకుండా కూడా పూసలు చెయ్యి. ఆల్జినేట్ మీద రుణావేశం ఉంది, మిథిలీన్ బ్లూ మీద ధనావేశం ఉంది. రంగును పట్టేది చాలావరకు ఆల్జినేటే. తెల్ల పూసలు పక్కన లేకపోతే ఆ ఘనతంతా మాగ్నటైట్‌ ఖాతాలో వేసేస్తావు. రెండింటినీ పోల్చేటప్పుడు పూస బరువుతో కాదు, అందులోని ఆల్జినేట్ గ్రాముతో లెక్క కట్టు. తెల్ల పూసలే ఎక్కువ రంగు పట్టాయనుకో, దిగులు పడకు, అలాగే రాసెయ్. నీళ్లలోంచి పూసల్ని తేలిగ్గా బయటికి లాగడమే ఇనుము పని, ఆ పని చేస్తే చాలు.

రంగు కొలత స్పెక్ట్రోఫోటోమీటరులో 664 నానోమీటర్ల దగ్గర. కాలిబ్రేషన్ గీత దాటిన ద్రావణాన్ని పలచన చేశాకే రీడింగు తియ్యి. ఆ తర్వాత అందరూ టైమును క్యూతో (గ్రాము పూస అప్పటికి పట్టిన రంగుతో) భాగించి, టైముకి ఎదురుగా గీసి, ఆర్ స్క్వేర్ 0.99 వచ్చిందని మురిసిపోతారు. ఆ గ్రాఫులో దాదాపు ఏ డేటా వేసినా తిన్నగానే వస్తుంది. దాన్ని చూసి రసాయన బంధం ఏర్పడిందని మాత్రం రాయకు.

అయస్కాంతానికి పూస అతుక్కుంది కదా అని 'సూపర్‌పారామాగ్నెటిక్' అనకూడదు. వీఎస్ఎమ్ (అయస్కాంతత్వం కొలిచే యంత్రం) గ్రాఫులో లూపు మూసుకుపోయి, అయస్కాంత క్షేత్రం తీసేశాక మిగిలే అయస్కాంతత్వం దాదాపు సున్నా అయితేనే ఆ మాట. ఆ యంత్రం మీ కాలేజీలో ఉండదు, బయటికి పంపాలి. పంపేటప్పుడు ఎండు పూసతో పాటు ఉత్త నలుపు పొడిని కూడా పంపు. వంద మిల్లీ లీటర్ల ఆల్జినేట్ ద్రావణంలో ఆ నలుపంతా వేస్తే ఎండు పూసలో మాగ్నటైట్ సుమారు మూడో వంతు. పొడికి గ్రాముకి 60 ఇఎమ్‌యూ (అయస్కాంతత్వం కొలిచే ప్రమాణం) వస్తే పూసకి 20 చుట్టుపక్కల రావాలి. 40 వచ్చిందంటే ఎక్కడో తూకం తప్పింది. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో చూసే పరీక్షలో) 35.5 డిగ్రీల దగ్గర పీక్ కనిపించినా అది మాగ్నటైటే అని తేల్చలేం. మాగ్‌హెమైట్ అనే ఇంకో ఇనుప ఆక్సైడ్ కూడా ఇంచుమించు అక్కడే వస్తుంది.

చెరువు మాట రాయాలంటే మాత్రం ఉప్పు నీటి పరీక్ష తప్పదు. డిస్టిల్డ్ వాటర్‌లో గట్టిగా నిలిచిన పూస ఉప్పు నీళ్లలో మెత్తబడి ఉబ్బుతుంది. కాల్షియం స్థానంలోకి సోడియం దూరడమే కారణం. ఫాస్ఫేట్ ఉంటే కాల్షియాన్ని అది కూడా లాగేస్తుంది. రోజూ ఒకే వేళకు పూసల్ని తీసి, ఒకేలా ఫిల్టర్ పేపరు మీద అద్ది, తూచి రాసుకో. పక్కనే ఆ నీళ్లలోకి ఎంత ఇనుము దిగుతోందో ఫెర్రస్‌తో ఎర్రరంగు ఇచ్చే ఫినాంథ్రోలిన్‌తో 510 నానోమీటర్ల దగ్గర చూడు, ముందు ఫెర్రిక్‌ని ఫెర్రస్‌గా మార్చే హైడ్రాక్సిలమీన్ కలపడం మరిచిపోకు. పూసలు విచ్చిపోతుంటే ఆల్జినేట్‌కి పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) కలిపి గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టించి చూడు. కాల్షియం పోయినా ఆ రెండో వల నిలబడుతుంది. మీ హాస్టల్ కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి డీప్ ఫ్రీజర్ జనరేటర్ లైను మీద ఉందో లేదో ముందే కనుక్కో.

చెరువు నీళ్లు మీ మావయ్య ఇస్తానన్నాడు. ఉప్పు ఎంతుందో భీమవరంలో వాటర్ టెస్ట్ చేయించి క్యాన్ మీద రాయి. సున్నం, జియోలైట్, మినరల్స్ ఎప్పుడు వేశాడో కూడా అడిగి రాసుకో. సున్నం వేసిన మర్నాటి నీళ్లలో కాల్షియం ఎక్కువుండి నీ పూసలు ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తాయి. అందుకని పట్టుబడికి ముందు ఒకసారి, సున్నం వేశాక ఒకసారి విడివిడిగా తెచ్చుకో.

మీ పెదనాన్న