మెయిల్ మర్జ్‌కు 'ఎస్ఏ' పాస్‌వర్డ్ ఎందుకు?

ప్రశ్న: సార్, నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. ఫీజు బాకీ ఉన్నవాళ్ల తల్లిదండ్రులకు వర్డ్‌లో మెయిల్ మర్జ్‌తో (ఒకే ఉత్తరంలో ఒక్కొక్కరి పేరు, వివరాలు దానంతటదే నింపే పద్ధతి) ఉత్తరాలు తీస్తుంటాను. వివరాలన్నీ ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అబ్బాయి 'ఎస్ఏ' లాగిన్‌తో కనెక్ట్ చేసి వెళ్లాడు. ఫైలు తెరిచినప్పుడల్లా 'ఈ ఎస్‌క్యూఎల్ కమాండ్ నడుస్తుంది, సరేనా?' అని అడుగుతోంది. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో మార్చి అది రాకుండా చేస్తానంటున్నాడు మా ఆఫీసులో ఒకతను. చేయించుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. అలా మారిస్తే మీ ఫైలుకే కాదు, ఎవరో మెయిల్లో పంపిన ఫైలుకు కూడా ఆ ప్రశ్న రాదు. అడిగినప్పుడు అందులో ఉన్న టేబుల్ పేరు ఒకసారి చూడండి. మీదైతే 'ఎస్' నొక్కండి. తెలియని ఫైలైతే 'నో' అనండి, డేటా జోలికి పోకుండా ఉత్తరం మాత్రం తెరుచుకుంటుంది.

నాకు టెన్షన్ ఆ 'ఎస్ఏ'తోనే. అది సర్వర్ మొత్తానికి అడ్మిన్ లాగిన్. దాంతో ఫీజుల డేటాబేస్‌ను పూర్తిగా తుడిచేయొచ్చు కూడా. నాలుగు అడ్రసుల కోసం బీరువా తాళాల గుత్తి ఇచ్చి వెళ్లాడన్నమాట! ఇప్పుడే డాక్యుమెంట్స్‌లో 'మై డేటా సోర్సెస్' ఫోల్డర్ తెరవండి. అందులో ఓడీసీ ఫైలు (డేటాబేస్‌కు ఎలా కనెక్ట్ కావాలో రాసి ఉండే ఫైలు) ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'పాస్‌వర్డ్' అన్న ఇంగ్లిష్ మాట వెతకండి. కనెక్ట్ చేసేటప్పుడు 'పాస్‌వర్డ్ సేవ్ చెయ్యి' అన్న గడిలో టిక్ పెట్టి ఉంటే, అసలు పాస్‌వర్డ్ అక్కడ మామూలు అక్షరాల్లో కనబడుతుంది.

ఆ అబ్బాయిని పిలిచి ఒక 'వ్యూ' (డేటాబేస్‌లోంచి కావలసిన వివరాలు మాత్రమే చూపే జాబితా) తయారు చేయమనండి. అందులో రోల్ నంబరు, తండ్రి పేరు, అడ్రసు, బాకీ చాలు. ఆధార్, ఫోన్ నంబర్లు ఉత్తరానికి ఎందుకు? మీ లాగిన్‌కు ఆ వ్యూ మీద 'సెలెక్ట్', అంటే చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి. కంప్యూటర్లన్నీ ఒకే డొమైన్‌లో (లాగిన్లన్నీ ఒకే చోట నడిపే ఆఫీసు నెట్‌వర్క్‌లో) ఉంటే విండోస్ ఆథెంటికేషన్ (మీ విండోస్ లాగిన్‌తోనే డేటాబేస్ మిమ్మల్ని గుర్తుపట్టే పద్ధతి) పెట్టించుకోండి, ఫైల్లో పాస్‌వర్డ్ రాయాల్సిన పనే ఉండదు. లేదంటే విడిగా ఒక లాగిన్ అడిగి, పాస్‌వర్డ్ సేవ్ చేయకుండా ప్రతిసారీ టైప్ చేయండి. పాత ఓడీసీ తీసేసి, 'ఎస్ఏ' పాస్‌వర్డ్ కూడా మార్పించాలి. అయితే మీ ఫీజు సాఫ్ట్‌వేర్ కూడా దాంతోనే నడుస్తుండొచ్చు. కౌంటరు మూసేశాక అతని చేతే మార్పించండి, లేకపోతే మర్నాడు రసీదులు ఆగిపోయి అందరూ మీ మీద పడతారు.

అతను ఇవాళ రేపు అంటూ తిప్పితే, బాకీల జాబితాను ఎక్సెల్‌లోకి తీసి, మీరొక్కరే తెరవగలిగే ఫోల్డర్‌లో పెట్టి వాడండి, పనయ్యాక తీసేయండి. ఉత్తరాలు వేసే రోజే జాబితా తీయాలి సుమా, పొద్దున ఫీజు కట్టిన తండ్రికి సాయంత్రం బాకీ నోటీసు వెళ్తే ఆ తిట్లు మీకే.

ప్రింటింగ్ బయట చేయిస్తుంటే షాపుకు మూల ఫైలు పంపకండి. సర్వర్ పేరు, కనెక్షన్ వివరాలు దాన్లోనే ఉంటాయి. 'ఫినిష్ అండ్ మర్జ్'లో ఉత్తరాలను కొత్త ఫైలుగా తీసి, పీడీఎఫ్ చేసి అదే పంపండి.