ఏడవని పిల్లాడు

చిన్నీ,

పురుడు పోసుకోవడానికి పుట్టింటికి రానన్నావట. మియాపూర్ ఫ్లాట్‌లో మీరిద్దరే చూసుకుంటారని మీ అమ్మ చెప్పింది. నీ ధైర్యానికి ముచ్చటేసింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఐరన్ మాత్రలు, టీకాల కార్డు నాకంటే నీకే బాగా తెలుసు. నా భయం వేరే.

1991లో చిక్కడపల్లిలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లం. మీ అన్నయ్య పుట్టాక నాకు ఏడుపు ఆగేది కాదు. మొదటి పది రోజులు చాలామందికి ఉండేదే. నాకు నెలలు గడిచినా తగ్గలేదు. మా అత్తగారు దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. డాక్టరమ్మ అడిగితే "బాగానే ఉన్నానండీ" అన్నాను. వాడికి నలుగు పెట్టి నీళ్లు పోశాను, సాంబ్రాణి వేశాను, వేళకు పాలిచ్చాను. మొహంలోకి మాత్రం చూడలేదు. వాడు నవ్వితే తిరిగి నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు. కొన్నాళ్లకు వాడూ మానేశాడు.

ఏడాది నిండేసరికి, నేను బజారుకెళ్తే ఏడ్చేవాడు కాదు. తిరిగొస్తే తలెత్తేవాడూ కాదు, గిన్నెలతో ఆడుకుంటూనే ఉండేవాడు. "ఎంత బుద్ధిమంతుడమ్మా!" అని పక్క పోర్షన్ వాళ్లంటే పొంగిపోయాను, తెలివితక్కువదాన్ని.

చాలా ఏళ్లకు మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధన గురించి చదివాను. ఏడాది పిల్లల్ని గదిలో కాసేపు వదిలి వెళ్లిన తల్లి తిరిగొస్తే వాళ్లేం చేస్తారో ఆవిడ గమనించింది. మొహం తిప్పుకునే పిల్లలూ ఉన్నారు. పైకి ఏడవకపోయినా లోపల వాళ్ల గుండె వేగంగా కొట్టుకుంటుందని 1977లో ఇంకొందరు చూపించారు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. మీ అన్నయ్య ఇప్పటికీ ఫోన్‌లో ఏం అడిగినా "బాగానే ఉన్నానమ్మా" అంటాడు.

తల్లికి జబ్బు చేస్తే బిడ్డ పాడైపోతాడని కాదే. నాలా కాన్పయ్యాక డిప్రెషన్ వచ్చిన తల్లుల పిల్లల్లోనూ చాలామంది అమ్మ మీద భరోసాతోనే పెరుగుతారు. ఇరవై నాలుగ్గంటలూ నవ్వుతూ కూర్చోనక్కర్లేదు, విసుక్కున్నా మళ్లీ దగ్గరకు తీసుకుంటే చాలు. నా తప్పల్లా దాచుకోవడం. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, డాక్టర్‌కి చెప్పు. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి. అర్ధరాత్రయితే టెలీ మానస్ ఉంది, మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 14416. తెలుగులోనే మాట్లాడతారు. ఈ ఉత్తరం మీ ఆయనకీ చూపించు. నువ్వు దాస్తే కనిపెట్టాల్సింది అతనే.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే మీ ఇంటికొచ్చేస్తాను. మనవడి కోసం కాదు, నీకు తలంటడానికి. వద్దంటావా, గుమ్మంలో క్యారేజీ పెట్టి వెళ్లిపోతాను.

మీ పెద్దమ్మ