తాటి పాకమే పూట భోజనం

ప్రశ్న: ఇండొనేసియాలోని రోటే ద్వీపంలో పల్లెజనం తాటి రసం మీదే బతుకుతారని విన్నాను. నిజమేనా? అది పులిసిపోదా?

జవాబు: చాలావరకు నిజమే. రోటే ఇండొనేసియా దక్షిణపు కొసన, తిమోర్ పక్కన ఉంది. అక్కడ వానలు నాలుగైదు నెలలే. మిగతా కాలం పైరు పండదు గానీ తాటిచెట్టు రసమిస్తుంది.

రోజూ పొద్దునా సాయంత్రం చెట్టెక్కుతారు. గెలను చెక్క పటకారుతో నొక్కి, కొసను ప్రతిసారీ పల్చగా చెక్కుతారు. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. చెక్కడం మానేస్తే కోత మూసుకుపోయి రసం ఆగుతుంది. రసం పట్టేది తాటాకు బుట్టలోనే. దాన్ని 'హాయిక్' అంటారు.

దించిన రసం కొన్ని గంటల్లోనే పులుస్తుంది. మన నీరా కుండకు లోపల సున్నం పూసేది అందుకే. రోటేవాళ్లు అదే రోజు నేలపొయ్యి మీద కాస్తారు, ఎండు తాటిమట్టలే వంటచెరకు. సుమారు ఆరో వంతుకు ఇగిరితే తేనెలాంటి పాకం వస్తుంది. పలచగా దించితే జాడీలో పొంగి పులుస్తుంది, అడుగంటితే చేదెక్కుతుంది.

ఈ పాకంలో నీళ్లు కలుపుకుని తాగితే పూట గడుస్తుంది. పందులకూ ఇదే మేత. అయితే ఇందులో మాంసకృత్తులు దాదాపు ఉండవు, ముఖ్యంగా పిల్లలకు చేపలో పప్పులో తోడు ఉండి తీరాలి.